తప్పు నాదా, నా రాతదా? స్వేచ్ఛా సంకల్పం, నైతిక బాధ్యతపై తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఈ గొడవ దేని గురించి?

చేతిలోంచి గ్లాసు జారి ముక్కలైంది. జారవిడిచినవాడు "గ్లాసు పగిలింది" అంటాడు. పక్కనున్నవాడు "గ్లాసు పగలగొట్టాడు" అంటాడు. జరిగింది ఒక్కటే. మొదటి మాటలో మనిషి లేడు, రెండో మాటలో ఉన్నాడు. తత్వవేత్తల తగువంతా ఈ రెండు మాటల మధ్యే. లోకంలో జరిగే ప్రతిదానికీ ముందు ఒక కారణం, దానికీ ముందు మరో కారణం ఉంటే, నా నిర్ణయాలు కూడా ఆ గొలుసులో లంకెలే అవ్వాలి. అప్పుడు "చేశాడు" అన్న ప్రతి మాటనీ చివరికి "జరిగింది" అని దిద్దుకోవాల్సిందేనా?

ఇందులో రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. ఏం చేయాలో తేల్చుకునే శక్తి నిజంగా మన చేతిలో ఉందా అన్నది స్వేచ్ఛా సంకల్పం ప్రశ్న. చేసినదానికి మనల్ని మెచ్చుకోవడం, తప్పుపట్టడం న్యాయమేనా అన్నది నైతిక బాధ్యత ప్రశ్న. మొదటిది లేకపోతే రెండోది కూలిపోతుందని చాలామంది అనుకుంటారు. అదంత తేలిగ్గా తేలే విషయం కాదు.

నియతివాదం అంటే తలరాతేనా?

కాదు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం. నువ్వేం చేసినా జరగాల్సింది జరిగే తీరుతుందనేది తలరాత. నువ్వు చేసే పని కూడా జరగబోయేదానికి ఒక కారణమే, కాకపోతే ఆ పనికీ ముందు కారణాలున్నాయనేది డిటర్మినిజం, అంటే నియతివాదం. తలరాతలో నీ ప్రయత్నానికి విలువే లేదు. నియతివాదంలో ప్రయత్నం లేకపోతే ఫలితం కూడా లేదు.

ప్రాచీన గ్రీసులో దీని మీద "సోమరి వాదం" అని ఒకటి ఉండేది. నాకు జబ్బు నయం కావాలని రాసుంటే వైద్యుణ్ణి పిలిచినా పిలవకపోయినా నయమవుతుంది, రాసి లేకపోతే పిలిచినా నయం కాదు, మరి పిలవడం దేనికి? దీనికి స్టోయిక్కులనే గ్రీకు తత్వవేత్తల పెద్ద క్రిసిప్పస్ చెప్పిన జవాబు ఇప్పటికీ చెల్లుతుంది. నయం కావాలని రాసుంటే, వైద్యుణ్ణి పిలవాలని కూడా దాంతోపాటే రాసి ఉంటుంది. రెండూ జంటగా వస్తాయి. అదే సంప్రదాయానికి మూలపురుషుడు జీనో గురించి ఒక ముచ్చట ఉంది. దొంగతనం చేసి దెబ్బలు తింటున్న బానిస "దొంగిలించాలని నా రాతలో ఉంది" అన్నాడట. "దెబ్బలు తినాలని కూడా ఉంది" అన్నాడట జీనో. నవ్వొచ్చే మాటే గానీ, జీనో గెలిచాడని నేను అనుకోను. కొడుతున్నవాడికి కూడా అదే సాకు దొరుకుతుందని చూపించాడు, అంతే. కొట్టడం న్యాయమో కాదో ఎవరూ తేల్చలేదు.

మన దగ్గర ఈ చర్చ జరిగిందా?

జరగడమేమిటి, బుద్ధుడి కాలానికే ముదిరి పాకాన పడింది. ఆజీవకులనే సన్యాసుల శాఖకు గురువు మక్ఖలి గోసాలుడు "నియతి" ఒక్కటే ఉంది, పురుషప్రయత్నం అనేదే లేదన్నాడు. ఆయన సొంత రాతలేవీ మిగల్లేదు. ఎదుటి పక్షంవాళ్లు రాసినదాంట్లోంచే ఆయన మాటలు తెలుస్తున్నాయి. బౌద్ధుల సామఞ్ఞఫల సుత్తంలో ఆయన చెప్పినట్టుగా ఒక పోలిక ఉంది. దారపు ఉండను విసిరితే అది దారం ఉన్నంత వరకూ దొర్లుకుంటూ విచ్చుకుంటుంది, అలాగే మూర్ఖుడైనా పండితుడైనా 84 లక్షల మహాకల్పాలు తిరిగాకే దుఃఖం తీరుతుంది. మంచి చేసి దాన్ని తగ్గించుకోలేరు, చెడు చేసి పెంచుకోలేరు. బుద్ధుడు ఈ మతాన్ని చాలా గట్టిగా ఖండించాడు. చేసిన పనికి విలువ లేదనే మాట మనిషిని ఎందుకూ పనికిరాకుండా చేస్తుందని ఆయన భయం.

కర్మ సిద్ధాంతాన్ని చాలామంది తలరాతగా వాడేస్తారు గానీ, నిజానికి అది తలరాతకు ఎదురు మాట. నువ్వు చేసిందే నీకు తిరిగొస్తుందనడం అంటే చేసేవాడు ఒకడున్నాడని ఒప్పుకోవడమే. "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అనే మాటలో ఆ కర్త నిక్కచ్చిగా కనిపిస్తాడు. "బుద్ధి కర్మానుసారిణి" అన్న మాటలో వాడే మళ్లీ మాయమైపోతాడు. భగవద్గీత 18వ అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు లెక్కపెడుతుంది: ఆశ్రయం, కర్త, సాధనాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. మనిషిని జాబితాలోంచి తీసేయలేదు, ఒక్కణ్ణే కారణంగానూ నిలబెట్టలేదు. తప్పంతా నీదే అనేవాళ్లకూ తప్పేమీ నీది కాదు అనేవాళ్లకూ ఆ లెక్క ఇబ్బందికరమే.

స్వేచ్ఛ లేదనేవాళ్ల దగ్గరున్న గట్టి వాదన ఏది?

రెండున్నాయి. మొదటిది పీటర్ వాన్ ఇన్‌వాగెన్ 1983లో పకడ్బందీగా పేర్చింది. నియతివాదం నిజమైతే, నేనివాళ చేసే పని ఎప్పుడో గడిచిపోయిన స్థితి నుంచీ ప్రకృతి నియమాల నుంచీ తప్పనిసరిగా వచ్చినది. నేను పుట్టకముందు జరిగినవి నా చేతిలో లేవు. ప్రకృతి నియమాలూ నా చేతిలో లేవు. ఆ రెంటి నుంచి తప్పకుండా వచ్చేది మాత్రం నా చేతిలో ఎలా ఉంటుంది?

రెండోది గేలెన్ స్ట్రాసన్‌ది. దీనికి నియతివాదం కూడా అక్కర్లేదు. నువ్వు ఏదైనా చేసేది నీ స్వభావాన్ని బట్టి. చేసినదానికి పూర్తి బాధ్యత నీదే కావాలంటే ఆ స్వభావానికీ నువ్వే బాధ్యుడివి కావాలి. స్వభావాన్ని నువ్వే మార్చుకున్నావనుకుందాం. ఆ మార్చుకోవాలన్న బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చింది? అంతకుముందున్న స్వభావం నుంచి. ఇలా వెనక్కి పోతూ ఉంటే చివరికి నువ్వు ఎంచుకోని దగ్గరే ఆగుతావు. ఎవరూ తమను తాము మొదటి నుంచీ తయారు చేసుకోలేరు.

నిజాయితీగా చెప్పాలంటే రెండోదానికి సూటైన సమాధానం నాకు ఎక్కడా దొరకలేదు. "పూర్తి బాధ్యత" అని ఆయన పెట్టిన కొలత మరీ పెద్దదని మాత్రం అనుకుంటాను. స్వర్గనరకాలకు సరిపోయేంత బాధ్యత అని ఆయనే అంటాడు. మనుషుల మధ్య అంత బాధ్యత ఎవరికి కావాలి?

అన్నీ నియమాల ప్రకారమే నడవవు కదా, క్వాంటం సంగతేమిటి?

ఈ ఆశ చాలామందికి ఉంటుంది. లాప్లాస్ 1814లో ఊహించిన మహాబుద్ధిశాలి ప్రతి కణం స్థితీ తెలిస్తే భవిష్యత్తంతా లెక్కగట్టేస్తాడు. ఇరవయ్యో శతాబ్దపు క్వాంటం భౌతికశాస్త్రం, అంటే అతి చిన్న కణాల శాస్త్రం, ఆ నమ్మకాన్ని కదిలించింది. రేడియోధార్మిక పరమాణువు ఏ క్షణాన విచ్ఛిన్నమవుతుందో ముందే చెప్పలేం, సంభావ్యత మాత్రమే చెప్పగలం. కానీ దీనివల్ల మనకు ఒరిగేదేమిటి? నా నిర్ణయం మెదడులో యాదృచ్ఛికంగా జరిగిన ఒక అదురువల్ల వచ్చిందంటే, అది ముందే ఖరారైన దానికంటే ఇంకా తక్కువగా నాది. గొలుసుకు కట్టేస్తే స్వేచ్ఛ లేదు, నిజమే. గాలికి వదిలేసినా లేదు.

రాబర్ట్ కేన్ లాంటివాళ్లు దీన్ని కాస్త తెలివిగా వాడుకుంటారు. రెండు కోరికల మధ్య మనిషి నిజంగా నలిగిపోతున్నప్పుడు, ఎటు మొగ్గాలో ముందే ఖరారు కాకపోయినా, ఎటు మొగ్గినా అది అతని ప్రయత్న ఫలమే అంటారు. అలాంటి ఘడియలే మనిషిని మలుస్తాయట. వినడానికి బాగుంది. నాకు ఇంకా నమ్మకం కుదరలేదు.

మరి స్వేచ్ఛ, కారణాలు రెండూ కలిసే ఉంటాయనేవాళ్లు ఏమంటారు?

వీళ్లని సమన్వయవాదులు అందాం. ఇవాళ్టి తత్వశాస్త్ర ఆచార్యుల్లో ఎక్కువమంది ఈ పక్షమే. డేవిడ్ హ్యూమ్ 1748లో చెప్పింది స్థూలంగా ఇది: స్వేచ్ఛ అంటే కారణాలు లేకపోవడం కాదు, నీ సంకల్పం ప్రకారం చేయగలగడం, మానగలగడం. కాళ్లకు సంకెళ్లు లేనివాడికి ఆ స్వేచ్ఛ ఉంది. స్వేచ్ఛకు వ్యతిరేకం బలవంతమే గానీ కారణం కాదు. ఇంకో మాట కూడా ఉంది. నా పని నా గుణం నుంచి రాకుండా ఎక్కణ్ణుంచో ఊడిపడితే, దానికి నన్ను మెచ్చుకోవడానికైనా తిట్టడానికైనా పట్టు ఎక్కడ దొరుకుతుంది?

జర్మన్ తత్వవేత్త కాంట్‌కి ఇది ఒళ్లు మండించింది. ఒకసారి కీ ఇచ్చి వదిలేస్తే దానంతటదే తిరిగే యంత్రానికి ఉన్న స్వేచ్ఛ కూడా ఇలాంటిదేనని 1788లో ఎద్దేవా చేశాడు. కోపం అర్థమవుతుంది. అయితే కీ ఇచ్చిన యంత్రం కారణాలు విని మనసు మార్చుకోదు. మనిషి మార్చుకుంటాడు. "అటు వెళ్లకు, వంతెన కూలింది" అంటే ఆగుతాడు. సమన్వయవాదానికి ఆయువుపట్టు అక్కడ ఉందని నా ఉద్దేశం. కీ ఉందా లేదా అని కాదు, మాట చెవికెక్కుతుందా లేదా అని చూడాలి.

"వేరేలా చేసే వీలే లేదు" అంటే బాధ్యత పోయినట్టే కదా?

అందరూ అలాగే అనుకునేవాళ్లు. 1969లో హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ ఆ నమ్మకానికి గండి కొట్టాడు. ఆయన పన్నిన పన్నాగం ఇలా ఉంటుంది. ఒక ఉద్యోగి దొంగ లెక్కల మీద సంతకం పెట్టాలి. అతనికి తెలియకుండా ఎవరో అతని మెదడులో ఒక పరికరం అమర్చారు. అతను వెనకాడే సూచన కనిపిస్తే చాలు, అది పనిచేసి సంతకం పెట్టించేస్తుంది. కానీ అతను వెనకాడలేదు. తన లాభం చూసుకుని తానే నవ్వుతూ పెట్టాడు. పరికరం ఒక్క క్షణం కూడా పనిచేయలేదు. వేరేలా చేసే వీలు అతనికి లేనే లేదు. అయినా తప్పు అతనిదే అనిపిస్తోంది కదూ?

జాన్ లాక్ అంతకు దాదాపు మూడొందల ఏళ్ల ముందే ఇలాంటి గదినొకటి కట్టాడు. నిద్రలో ఉన్నవాణ్ణి ఎత్తుకెళ్లి, తనకు ఎంతో ఇష్టమైన మనిషి ఉన్న గదిలో పడుకోబెట్టి బయట తాళం వేశారు. లేచాక ఆనందంగా కబుర్లు చెబుతూ అక్కడే ఉండిపోయాడు. తలుపు తీసి చూడాలన్న ఆలోచనే రాలేదు. ఉండటం ఇష్టపూర్వకమే, వెళ్లే స్వేచ్ఛ మాత్రం లేదు. మన జీవితంలో ఎన్ని తలుపులకు తాళాలు పడి ఉన్నాయో మనకు తెలియకపోవచ్చు. తట్టనివాడు "తాళం వేసి ఉంది" అని సాకు చెబితే ఒప్పుకోవాలా అన్నదే ఫ్రాంక్‌ఫర్ట్ ప్రశ్న.

మన కంటే ముందే మెదడు నిర్ణయిస్తుందని ప్రయోగాల్లో తేలిందంట, నిజమేనా?

అందరూ ఉదహరించే ప్రయోగం బెంజమిన్ లిబెట్‌ది, 1983 నాటిది. ఎదురుగా గడియారం లాంటి తెర. దాని చుట్టూ ఒక చుక్క 2.56 సెకన్లకో చుట్టు తిరుగుతుంటుంది. మీకు ఎప్పుడు అనిపిస్తే అప్పుడు మణికట్టు కదపాలి. కదపాలనిపించిన క్షణంలో చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకుని చెప్పాలి. తల మీద ఎలక్ట్రోడ్లు ఉంటాయి. కదలికకు దాదాపు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో ఒక విద్యుత్ సంకేతం పెరగడం మొదలైంది. "ఇప్పుడు కదపాలి" అనిపించినట్టు మనుషులు చెప్పింది మాత్రం దాదాపు 200 మిల్లీసెకన్ల ముందు. అంటే మనకు తెలిసేలోపే బండి కదిలిందన్నమాట. ఇంకేం, స్వేచ్ఛ చచ్చిందని ఊరేగింపు మొదలైంది. లిబెట్ మాత్రం అంతదూరం పోలేదు. చివరి క్షణంలో "వద్దు" అని ఆపే శక్తి మనకు మిగిలే ఉందన్నాడు.

2012లో ఆరన్ షర్గర్ బృందం ఆ సంకేతానికే వేరే అర్థం చెప్పింది. వాన నీటితో ఒక గుంట నిండుతూ తగ్గుతూ ఉంటుందనుకోండి. పొర్లిన ప్రతిసారీ అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసి సగటు తీస్తే, పొర్లే ముందు నీటిమట్టం మెల్లగా పెరిగినట్టే కనిపిస్తుంది. పెరిగితేనే కదా పొర్లుతుంది! ఆ పెరుగుదల మొదలైన చోటే "పొర్లాలని నిర్ణయం" జరిగిందనడం ఎంత తప్పో, లిబెట్ గీతను నిర్ణయమనడమూ అంతే తప్పు కావచ్చు. మెదడులో ఎప్పుడూ ఉండే ఒడుదొడుకులు ఒక గీత దాటినప్పుడు చేయి కదిలింది, అంతే.

2008లో స్కానర్‌తో చేసిన మరో ప్రయోగంలో, ఎడమ మీట నొక్కుతారో కుడి మీట నొక్కుతారో కొన్ని సెకన్ల ముందే పసిగట్టగలిగారు. పది సెకన్ల దాకా అని వార్తల్లో మోగింది. ఎంత కచ్చితంగా? దాదాపు 60 శాతం. నాణెం ఎగరేసినా 50 వస్తుంది.

నా అభ్యంతరం వేరే ఉంది. కారణం లేకుండా మణికట్టు కదపడం మీద బాధ్యత ఎవరు అడుగుతారు? మాట తప్పాలా వద్దా, ఉద్యోగం వదలాలా వద్దా అని వారాల తరబడి నలిగే నిర్ణయాల గురించి కదా ఈ గొడవంతా. వాటి దాకా ఆ చుక్క గడియారం రాదు.

మెదడులో లోపం ఉంటే తప్పు ఎవరిది?

2003లో వైద్య పత్రికలో వచ్చిన ఒక కేసు ఉంది. నలభై ఏళ్ల ఉపాధ్యాయుడు. అంతకుముందు ఏ మచ్చా లేదు. ఉన్నట్టుండి పిల్లల పట్ల వికృతమైన లైంగిక ధోరణి మొదలై, శిక్ష పడేదాకా వెళ్లింది. భరించలేని తలనొప్పితో ఆస్పత్రికి వస్తే మెదడు ముందు భాగంలో గడ్డ బయటపడింది. తీసేశాక ఆ ధోరణి పోయింది. కొన్నాళ్లకు మళ్లీ తలెత్తింది. పరీక్షిస్తే గడ్డ మళ్లీ పెరుగుతోంది.

ఇది చదివినవాళ్లలో చాలామంది "తప్పు అతనిది కాదు, గడ్డది" అనేస్తారు. స్వేచ్ఛ లేదనేవాళ్లు అక్కడే పట్టుకుంటారు: గడ్డ కనిపించింది కాబట్టి వదిలేశారు, మిగతావాళ్ల మెదడులో కారణాలు కంటికి కనిపించనంత చిన్నవి కాబట్టి పట్టుకుంటున్నారా? మంచి ప్రశ్నే. కానీ కారణం ఉండటమే సాకైతే ప్రతి మంచి పనికీ ఉన్న కారణం దాని గొప్పతనాన్ని తీసేయాలి. సాకు వచ్చేది కారణం ఉన్నందుకు కాదు. ఆ కారణం మనిషిలోని మంచిచెడుల విచక్షణను, తనను తాను ఆపుకునే శక్తిని దెబ్బతీసినందుకు. ఈ కేసులో అదీ పూర్తిగా పోలేదు. చేస్తున్నది తప్పని అతనికి తెలుసు, ఆపుకోవడమే కష్టమైంది. అందుకే ఇక్కడ అవును, కాదు అని ఒక్క మాటలో తీర్పు చెప్పేవాళ్లను నేను నమ్మను.

న్యాయస్థానాలు ఈ గీతను చాలాకాలంగా గీస్తూనే ఉన్నాయి. 1843లో మెక్‌నాటన్ అనే అతను బ్రిటన్ ప్రధాని కార్యదర్శిని కాల్చి చంపాడు. ప్రభుత్వం తనను వేటాడుతోందని అతని భ్రమ. మతిస్థిమితం లేదని నిర్దోషిగా తేలిస్తే దేశమంతా గగ్గోలు. దాని నుంచి పుట్టిన సూత్రం, చేస్తున్నది ఏమిటో, అది తప్పో కాదో తెలియని స్థితిలో ఉన్నాడా అని అడుగుతుంది. తెలిసీ ఆపుకోలేనివాడి సంగతి ఆ సూత్రంలో ఇమడదు.

వ్యసనపరుడికి స్వేచ్ఛ ఉందా?

ఫ్రాంక్‌ఫర్ట్ 1971లో దీన్ని తేలిగ్గా అర్థమయ్యేలా విడదీశాడు. మత్తుమందు కావాలనే కోరిక ఉంది. ఆ కోరిక తన్ను నడిపించకూడదనే కోరిక కూడా ఉంది. రెండోది ఓడిపోతున్నవాడు తన మీద తానే యుద్ధం చేస్తున్నాడు. వాణ్ణీ, అసలు యుద్ధమే లేకుండా సంతోషంగా మునిగినవాణ్ణీ ఒకే గాటన కట్టలేం. మానేయాలని అర్ధరాత్రి సీసా పారబోసి, పొద్దున్నే మళ్లీ కొనుక్కొచ్చిన మనిషిని ఎరిగున్నవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

పెంపకమే చెడ్డదైతే?

సూసన్ వుల్ఫ్ 1987లో ఒక కల్పిత ఉదాహరణ ఇచ్చింది. క్రూరుడైన నియంత తన కొడుకు జోజోను ముద్దుగా పక్కనే పెట్టుకుని పెంచుతాడు. పెద్దయ్యాక జోజో కూడా తండ్రిలాగే జనాన్ని చిన్న చిన్న కారణాలకే చెరసాలలో పెట్టి హింసిస్తాడు. ఎవరి బలవంతమూ లేదు. మనస్ఫూర్తిగా చేస్తాడు, తను అలా ఉండటం తనకు ఇష్టం కూడా. ఫ్రాంక్‌ఫర్ట్ లెక్క ప్రకారం జోజోకి పూర్తి స్వేచ్ఛ ఉంది. వుల్ఫ్ కాదంటుంది. మంచేదో చూడగలిగే కన్నే అతనికి ఏర్పడలేదు. గుడ్డివాణ్ణి "చూడలేదేం" అని నిలదీస్తామా?

నేను సగమే ఒప్పుకుంటాను. అదే పెంపకంలో పెరిగి ఎదురు తిరిగినవాళ్లూ ఉంటారు. అయితే వాళ్లకు ఎదురు తిరిగే తెగువ ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే మళ్లీ గేలెన్ స్ట్రాసన్ దగ్గరికే పోతాం.

ఒకే తప్పు చేసిన ఇద్దరిలో ఒకరికే శిక్ష ఎందుకు?

దీన్ని నైతిక అదృష్టం అంటారు. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ ఒకే వేదిక మీద దీన్ని లేవనెత్తారు. ఇద్దరు డ్రైవర్లు ఫోన్ చూసుకుంటూ ఒకే రోడ్డు మీద ఒకే వేగంతో పోయారు. ఒకడి ముందుకు పిల్లాడు పరిగెత్తుకొచ్చాడు. రెండోవాడి ముందుకు ఎవరూ రాలేదు. నిర్లక్ష్యంలో అణువంత కూడా తేడా లేదు. ఒకడు జైలుకు, రెండోవాడు ఇంటికి. మనలో చాలామంది రెండోవాళ్లమే.

మర్చిపోవడం కూడా తప్పేనా? కావాలని మర్చిపోలేం కదా?

నాకు ఈ మొత్తం చర్చలో ఎక్కువ పట్టున్న ప్రశ్న ఇదే, ఎందుకంటే దెబ్బ తిన్నాను. మా చెల్లికి పొద్దున్నే రైలు ఉంది. తనకి గాఢ నిద్ర. "అన్నయ్యా, 5 గంటలకి లేపు" అని నాకు అప్పజెప్పి పడుకుంది. నేను అర్ధరాత్రి దాకా ఏదో చదువుతూ కూర్చుని అలారం పెట్టడం మర్చిపోయాను. ఆరున్నరకు మెలకువ వచ్చింది. రైలు వెళ్లిపోయింది.

నేనేమన్నానో గుర్తుంది. "మర్చిపోయానమ్మా, కావాలని చేశానా?" అన్నాను. నిజమే. ఏ క్షణంలోనూ "లేపకూడదు" అని నేను నిర్ణయించుకోలేదు. సంకల్పమే లేని చోట స్వేచ్ఛా సంకల్పం గురించి మాట్లాడటానికేముంది? తను అరవలేదు. "నీ రైలైతే మర్చిపోయేవాడివా?" అంది.

తత్వశాస్త్రంలో దీనికి రెండు దారులున్నాయి. ఒకటి వెనక్కి వెతకడం. మరుపు నా చేతిలో లేకపోవచ్చు, కానీ అప్పజెప్పిన వెంటనే అలారం పెట్టి పుస్తకం పట్టుకునే వీలు నాకు ఉంది. అరిస్టాటిల్ తాగినవాడి గురించి ఇదే అన్నాడు: మత్తులో ఏం చేశాడో తెలియదు, నిజమే, కానీ తాగకుండా ఉండటం అతని చేతిలోనే ఉంది. కొన్ని చోట్ల తాగి చేసిన నేరానికి రెట్టింపు శిక్ష వేసేవారని కూడా ఆయన గుర్తుచేస్తాడు.

రెండో దారి మా చెల్లిది. మనం ఏది మర్చిపోతామో, ఏది మర్చిపోమో అన్నది కూడా మన మనసులో దేనికి ఎంత చోటుందో చెబుతుంది. నేను ఎంచుకోకపోయినా అది నాదే. దానికి నేను జవాబు చెప్పుకోవాలి. ఏ వాదనలో ఎవరు గెలిచినా ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

స్వేచ్ఛ లేదని తేలితే కోపం, కృతజ్ఞత అన్నీ మానేయాలా?

పీటర్ స్ట్రాసన్ 1962లో దీని గురించే రాశాడు. (గేలెన్ ఈయన కొడుకే. తండ్రీకొడుకులు చెరో గట్టున.) ఎవరో మన కాలు తొక్కితే నొప్పి ఒకటే, కానీ పొరపాటున తొక్కినప్పటి అనుభవం వేరు, కావాలని తొక్కినప్పటి అనుభవం వేరు. ఎదుటివాడి మనసులో మనపట్ల ఏముందన్నదానికి మన కోపం, కృతజ్ఞత, నొచ్చుకోవడం అన్నీ స్పందనలు. ఏదో ఒక సిద్ధాంతం రుజువైందని వీటిని విప్పి పక్కన పెట్టలేం. పెట్టినా మిగిలేది ఎదుటి మనిషిని ఒక వస్తువులా చూడటం: సరిచేయాలి, కాసుకోవాలి, తప్పించుకు తిరగాలి. అవసరమైనప్పుడు అలా చూస్తాం, రోజంతా అలా బతకలేం అంటాడు.

తెలుగులో "నాకు కోపం వచ్చింది" అంటాం, వర్షం వచ్చినట్టు. "కోపం తెచ్చుకున్నాడు" అని మాత్రం ఎదుటివాడిని అంటాం. నోరు జారినా చెయ్యి జారినా నోటిదీ చేతిదీ తప్పు. భాష మనకు అడగకుండానే సాకులు అమర్చిపెట్టింది. అదే భాషలో పొరపాటు, తప్పు, ద్రోహం అని మూడు మెట్లు కూడా ఉన్నాయి. ఆ మెట్లన్నీ ఒకటేనని ఏ ప్రయోగశాల చెప్పినా నేను నమ్మను.

మామూలు మనుషులు ఏమనుకుంటారు?

అడిగే తీరును బట్టి మారుతుంది. 2007లో షాన్ నికోల్స్, జాషువా నోబ్ ఒక పూర్తి నియత ప్రపంచాన్ని వర్ణించి, అక్కడ ఎవరైనా పూర్తిగా బాధ్యులవుతారా అని అడిగితే 86 శాతం కాదన్నారు. అదే ప్రపంచంలో ఒకడు వేరే స్త్రీ కోసం భార్యాపిల్లల్ని తగలబెట్టాడని చెప్పి అడిగితే 72 శాతం అతనిదే పూర్తి బాధ్యత అన్నారు. చల్లగా ఆలోచిస్తే ఒక జవాబు, రక్తం మరిగితే ఇంకొకటి.

స్వేచ్ఛ లేదని నమ్మితే మనుషులు చెడిపోతారా?

స్వేచ్ఛ లేదనే పేరా చదివించాక జనం పరీక్షలో ఎక్కువ మోసం చేశారని 2008లో ఒక అధ్యయనం వచ్చింది. తర్వాత వేరేవాళ్లు మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు. ఒక పేరాకు చెడిపోయేవాళ్లయితే ఇంకో పేరాకు బాగుపడాలి.

శిక్షల సంగతేమిటి? ఎవరినీ శిక్షించకూడదా?

డెర్క్ పెరెబూమ్ వాదన ఇది: ప్రమాదకరమైన అంటువ్యాధి ఉన్నవాణ్ణి తప్పేమీ లేకపోయినా విడిగా ఉంచుతాం. నేరస్తుణ్ణి కూడా అలాగే ఉంచొచ్చు, బాధపెట్టడం కోసం కాదు, మిగతావాళ్ల రక్షణ కోసం. కానీ విడిగా ఉంచినవాడికి సౌకర్యాలు చూడాలి, నయం చేయాలి, అవసరమైన దానికంటే ఒక్క రోజు కూడా ఎక్కువ ఉంచకూడదు. ఎదురు ప్రశ్నలూ ఉన్నాయి. ఇంకా ఏ నేరమూ చేయనివాణ్ణి "చేసేలా ఉన్నాడు" అని ముందే ఎందుకు బంధించకూడదు? మనిషిని రోగంలా చూడటం శిక్షించడం కంటే మర్యాదా?

నేను ఇక్కడ బాధ్యతను రెండు ముక్కలు చేస్తాను. "ఎందుకిలా చేశావు?" అని నిలబెట్టి అడిగితే జవాబు చెప్పాల్సి రావడం ఒకటి. "వీడు ఏడవాల్సిందే, అది వీడికి దక్కాల్సిందే" అనడం ఇంకొకటి. నేను విన్న వాదనలన్నీ రెండోదాన్ని బలంగా కొట్టాయి. ఎవరూ తమను తాము తయారు చేసుకోలేదు గనక, బాధ కోసమే బాధ పెట్టడాన్ని సమర్థించే మాట నాకు దొరకడం లేదు. మొదటిదాన్ని మాత్రం అవి తాకలేదు. జవాబు చెప్పడానికి సృష్టి మొదటి నుంచీ నాకు నేనే కర్తను కానక్కర్లేదు. మాట చెవికెక్కే మనిషినైతే చాలు.

క్షమించడం అంటే తప్పు లేదని ఒప్పుకోవడమా?

రెండూ ఒకదానికొకటి అడ్డు. తప్పే లేకపోతే క్షమించడానికేమీ మిగలదు. "నీ తప్పేం లేదులే" అంటే వదిలేయడం. "నువ్వే చేశావు, అయినా సరే" అంటే క్షమించడం. మొదటిది తేలిగ్గా వచ్చేస్తుంది, పుచ్చుకునేవాడికి తేలిగ్గా ఉంటుంది కూడా. కానీ అందులో పీటర్ స్ట్రాసన్ చెప్పిన, మనిషిని వస్తువులా చూసే చూపు కొంచెం దాగి ఉంటుంది. పనిచేయని గడియారాన్ని ఎవరూ క్షమించరు.

ఆ రోజు మా చెల్లి ఇంకేమీ అనలేదు. మధ్యాహ్నం బస్సులో వెళ్లింది. సాయంత్రం క్షేమంగా చేరానని ఫోన్ చేసింది, మామూలుగానే మాట్లాడింది. నేను మళ్లీ క్షమాపణ చెప్పబోతే "పోనీలే అన్నయ్యా, నీకు నిద్ర ఎక్కువ" అని నవ్వేసింది. ఆర్నెల్ల తర్వాత మళ్లీ పొద్దున రైలే పడింది. ఈసారి నన్ను లేపమని అడగలేదు. తన ఫోన్లో ఐదు నిమిషాల తేడాతో మూడు అలారాలు పెట్టుకుని, దాన్ని తలగడ పక్కన పెట్టుకుని పడుకుంది.